సాంచె బరువు ఎటు పక్క? కోరుట్ల మీదుగా సిరిసిల్లకు

జగిత్యాల బస్టాండులో పొద్దున ఆరూ నలభైకి కోరుట్ల బస్సు ఒకటి ఉంటుంది. ఫిబ్రవరి రెండో శనివారం, బడికి సెలవు కాబట్టి, దాంట్లో ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ జీరో టికెట్ ఇచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. సంచిలో కొలత టేపు, కొన్ని తెల్లకాగితాలు, నీళ్ల సీసా, పొద్దున్నే చేసిన సర్వపిండి నాలుగు ముక్కలు ఉన్నాయి. పక్కన కూర్చున్న పెద్దమ్మ "యాడికి బిడ్డా, పెండ్లికా?" అని అడిగింది. "సిరిసిల్లల సాంచె లేపుతున్నరట, సూడవోతున్న" అన్నాను. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచె అంటారు. ఆమె నన్ను కిందికీ మీదికీ చూసింది.

ఎందుకు బయల్దేరానో చెప్పాలి. నేను ముప్పై ఏళ్లుగా లెక్కల టీచర్‌ను. జనవరిలో తొమ్మిదో తరగతి పిల్లల్ని జగిత్యాల ఖిల్లాకు తీసుకుపోయాను. ఏటా తీసుకుపోతాను. నక్షత్రంలా కట్టిన కోట అది. మూలలన్నీ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. కోణాలంటే ఏమిటో బల్ల మీద గీసి చెప్పేకంటే అక్కడ గోడ వెంబడి నడిపిస్తే పిల్లలకు తొందరగా ఎక్కుతుంది. ఆ రోజు పైన ఫిరంగి దగ్గర శ్రీజ అనే అమ్మాయి ఆగింది.

"మేడం, గింత బరువున్నదాన్ని గింత పైకి ఎట్ల ఎక్కిచ్చిండ్రు?"

నాకు ఉత్సాహం వచ్చింది. ఆర్కిమెడిస్ గురించి మొదలుపెట్టాను. రెండు వేల ఏళ్లకు పైబడిన సంగతి, గ్రీకు మనిషి. నీళ్లతొట్టి కథ అందరూ చెప్పుకుంటారు గానీ, అంతకంటే పెద్ద పని ఇంకొకటి చేశాడు. ఒక కడ్డీకి ఈ కొసన చిన్న బరువు, ఆ కొసన పెద్ద బరువు ఉంటే రెండూ ఎప్పుడు సరితూగుతాయో జ్యామితి పద్ధతిలో నిరూపించాడు. ఆధారం నుంచి దూరం ఎన్ని రెట్లు పెంచితే, బలం అన్ని రెట్లు తక్కువ సరిపోతుంది. నిలబడ్డానికి జాగ దొరికితే భూమినే జరుపుతానన్నాడని చెప్తారు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. శ్రీజ మాత్రం "మీరెన్నడన్న గట్ల ఏమన్న లేపిండ్రా మేడం?" అని అడిగింది.

ఆలోచించి చూశాను. ముప్పై ఏళ్లలో ఎన్ని వందల లెక్కలు చేయించానో. ఒక్క బరువూ లేపలేదు. "లేదు బిడ్డా" అన్నాను.

"మా పెదనాయిన లేపుతడు. దుబాయ్‌ల రిగ్గర్ పని జేసి అచ్చిండు. క్రేన్లకు సామాన్లు కట్టే పని."

పేరడిగితే గంగారాం అంది. ఊరు ఇబ్రహీంపట్నం మండలంలో మా ఊరే. నాతోపాటు పదో తరగతి చదివిన గంగారాం అన్నమాట. లెక్కల్లో తప్పి, మళ్లీ పరీక్ష రాయకుండా వెళ్లిపోయినవాడు. వాళ్లమ్మ మా పొలంలో నాటుకు వచ్చేది. నాకు అవన్నీ ఒకేసారి యాదికొచ్చాయి.

ఫోన్ చేసి, మా బడికి వచ్చి పిల్లలకు చూపించమని అడిగాను. "పది ఫెయిలైనోన్ని, బడికచ్చి నేనేం చెప్త మేడం?" అని నవ్వాడు. మళ్లీ అడిగినా అదే మాట. చివరికి తనే, "శనివారం సిరిసిల్లల ఒక సాంచె జరిపేదున్నది. సూస్తనంటే కోరుట్ల బస్టాండుకు రాండ్రి" అన్నాడు. ఎట్లాగైనా బడికి ఒప్పించుకోవాలని నేనూ పట్టుదలగా బయల్దేరాను.

ఏడున్నరకు కోరుట్లలో దిగాను. పసుపు ఉడికించే రోజులవి. ఊరి బయటి నుంచే ఆ వాసన బస్సులోకి వస్తుంది. బస్టాండులో గంగారాంను వెంటనే గుర్తుపట్టలేకపోయాను. జుట్టు తెల్లబడింది. భుజాలు అప్పటికంటే వెడల్పయ్యాయి. కాళ్ల దగ్గర బరువైన గోనె సంచి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"నమస్తే మేడం."

"నన్ను మేడం అంటవేంది గంగారాం? శారద అనరాదు? ఒక్క బడిల సదువుకున్నం."

"మీరు టీచర్ అయిండ్రు గదా" అన్నాడు.

బస్టాండు ఎదురుగా హోటల్లో పూరీ తిన్నాం. పల్లీ చట్నీ బాగుంది. ఈ దారిన వచ్చేవాళ్లు ఇక్కడే తిని ఎక్కడం మంచిది. వేములవాడ దాకా మధ్యలో చాయ్ తప్ప పెద్దగా ఏమీ దొరకదు. ఎనిమిదీ పదికి వేములవాడ బస్సు వచ్చింది. గోనె సంచి ఎక్కిస్తుంటే గొలుసు చప్పుడైంది. కండక్టర్ ఆపాడు.

"సంచిల ఏమున్నది పెద్దమనిషీ?"

"చైన్ బ్లాక్. బరువులు గుంజేది."

"లగేజ్ టికెట్ తీసుకోవాలె."

"తీసుకుంట. ఎన్క టైర్ మీద పెట్టుమంటరా, నడుమ పెట్టుమంటరా?"

కండక్టర్‌కు నవ్వొచ్చింది. "యాడన్న పెట్టు, కాళ్లకు అడ్డం రావొద్దు" అన్నాడు. గంగారాం రెండు సీట్లు చూసి, వెనక చక్రం పైన ఉన్న చోట పెట్టాడు.

కథలాపూర్ దాటాక రోడ్డుకు రెండు పక్కలా వరి పచ్చగా ఉంది. గంగారాం కాసేపు బయటికి చూసి, "గా ఆర్కిమెడిస్ ఎవ్వలు మేడం? మా శ్రీజ ఒక్కతీర్గ చెప్తున్నది" అని అడిగాడు.

"సముద్రం ఒడ్డున సిరక్యూస్ అని ఊరుండె. ఆడుండేటోడు."

"సిరిసిల్లనా?"

ఇద్దరం నవ్వాం. ముందు సీట్లో కూర్చున్నాయన కూడా వెనక్కి తిరిగి నవ్వాడు. ఓడ కథ చెప్పాను. ఒడ్డున ఉన్న పెద్ద ఓడను, మనుషులూ సామానూ ఉండగానే, కప్పీలు కట్టి ఆర్కిమెడిస్ ఒక్కడే కూర్చుని లాగాడని, రాజు ఆశ్చర్యపోయాడని. పిల్లలు ఈ కథకు చప్పట్లు కొడతారు. గంగారాం కొట్టలేదు.

"తాడు ఏం తాడు?"

"తెల్వదు."

"ఓడ ఒక మీటరు జరిగెతందుకు ఆయన ఎన్ని మీటర్ల తాడు గుంజిండు?"

"అదీ తెల్వదు. మస్తు గుంజుండాలె."

"గదే అంటున్న. మోత తక్కువైతే గుంజుడు ఎక్కువైతది. ఊకెనే ఏదీ రాదు. ఆయన మంచి పనోడే గని, కథ చెప్పినోడు తాడు సంగతి ఇడిశిపెట్టిండు." తర్వాత అడిగాడు, "ఎట్ల సచ్చిపోయిండు?"

"ఊరి మీద దాడి జరిగింది. నేల మీద బొమ్మలు గీసుకుంట కూసున్నడట. సిపాయి అచ్చి లెవ్వుమంటే లెవ్వలే."

గంగారాం తల ఊపాడు. "పనిమీదున్నోనికి పిలిస్తే ఇనవడది" అన్నాడు. రుద్రంగి దాకా ముందు సీటు వెనక వేలితో కప్పీలు గీసుకుంటూ కూర్చున్నాడు.

వేములవాడలో తొమ్మిదీ నలభై అయింది. శివరాత్రి దగ్గరపడింది కాబట్టి బస్టాండు నిండా జనం. సిరిసిల్ల బస్సులో నిలబడే పోవలసి వచ్చింది, కానీ అరగంటలోపు దారే. పదిన్నరకు సిరిసిల్లలో దిగి ఆటో ఎక్కాం. సందుల్లోకి తిరగ్గానే చప్పుడు మొదలైంది. ప్రతి ఇంటి నుంచీ, ప్రతి షెడ్డు నుంచీ సాంచెలు టకటకమంటూనే ఉన్నాయి. కొత్తవాళ్లకు మొదటి పావుగంట తల దిమ్మెక్కుతుంది. తర్వాత ఆ చప్పుడుకు తగ్గట్టు మన గొంతే పెరుగుతుంది.

మమ్మల్ని పిలిచింది పద్మ. నాలుగు సాంచెలు నడుపుకునే మనిషి, ముప్పై ఐదేళ్లుంటాయి. భర్త రమేశ్ గంగారాంతో గల్ఫ్‌లో ఒకే గదిలో ఉండి పనిచేశాడు, ఇంకా అక్కడే ఉన్నాడు. ఇన్నాళ్లూ సాంచెలు కిరాయి షెడ్డులో ఉండేవి. ఇప్పుడు సందు చివర సొంతంగా గది కట్టుకున్నారు. మూడు సాంచెలను ఫిట్టర్ విప్పి, ముక్కలుగా తీసుకుపోయి, రెంటిని మళ్లీ బిగించాడు. విప్పేటప్పుడు ఒకదాని పక్క ఫ్రేము పగిలింది. బీడు ఇనుము, వంగదు, కుండలా పగులుతుంది. ఆ సాంచె మూలకు పడి ఉంది. మిగిలింది నాలుగోది, ఉన్నవాట్లో మంచిది. దాన్ని విప్పకుండా చేర్చాలి. క్రేను పట్టేంత వెడల్పు ఆ సందుకు లేదు.

"అన్నా, ఇది గిట్ల పల్గితే రెండు సాంచెలే మిగుల్తయి. రెంటితోని ఇల్లు ఎల్లది" అంది పద్మ.

గంగారాం ఏమీ హామీ ఇవ్వలేదు. సాంచె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కిందికి వంగి చూశాడు. "చాయ్ పెట్టు చెల్లె, పదకొండుకు మొదలుపెడ్దం" అన్నాడు.

సందులోంచి నలుగురు మనుషులు వచ్చారు. గంగారాం సంచి విప్పాడు. చైన్ బ్లాక్, రెండు వెడల్పాటి బెల్టులు, చెక్క మొద్దులు. ఇనుప పైపు ముక్కలు పద్మ ముందే తెప్పించి పెట్టింది. గడ్డపారతో ఒక పక్క కొద్దిగా ఎత్తి కింద మొద్దు పెట్టడం, మరో పక్క ఎత్తి మొద్దు పెట్టడం, ఆ తర్వాత పైపులు దూర్చడం. గడ్డపార కింద రాయి ఎక్కడ పెట్టాలో గంగారాం చేత్తో చూపిస్తున్నాడు. నన్ను పిలిచి, "మేడం, గీ కొస మీరు పట్టుండ్రి" అన్నాడు.

పట్టాను. రెండు చేతులతో కిందికి నొక్కాను. అంత పెద్ద సాంచె ఆ మూలన బొటనవేలంత లేచింది! నా బరువుకు, నా చేతులకు, అది లేచింది. కాగితం మీద వెయ్యిసార్లు చేసిన లెక్క అరచేతుల్లోకి వచ్చినట్టయింది. పద్మ వాళ్ల అత్త గడప మీద బీడీలు చుడుతూ, "టీచరమ్మా, మా ఇంట్ల పనికి కుదురుతవా?" అంది. అందరూ నవ్వారు. నేను అందరికంటే ఎక్కువ నవ్వాను.

పైపుల మీద దొర్లించుకుంటూ, వెనకాల మిగిలిన పైపును ముందుకు తెచ్చి వేసుకుంటూ, సందు మలుపు దాటించి కొత్త గది ముందుకు చేర్చేసరికి ఒంటిగంటన్నర. అక్కడ అసలు చిక్కు. గది గడప మోకాలెత్తు ఉంది. మూడు పొడవైన ఇనుప పైపులను నిలబెట్టి, పైన కలిపి కట్టి, నడుమ చైన్ బ్లాక్ వేలాడదీశారు. ఇక బెల్టు వేసి సాంచెను ఎత్తాలి.

గంగారాం బెల్టు చేత్తో పట్టుకుని నా వైపు తిరిగాడు. "లెక్కల మేడం ఉన్నంక నేనెందుకు చెప్పాలె? బెల్టు యాడ ఎయ్యమంటరు?"

వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగాడు. గడ్డపార విజయంతో నాకూ ధైర్యం వచ్చింది. టేపు తీసి సాంచె ఈ కొస నుంచి ఆ కొసకు కొలిచాను, సగం చేశాను, సున్నంతో గీత పెట్టాను. "గిక్కడ" అన్నాను. గంగారాం గీతను చూశాడు. ఏదో అనబోయి ఆగాడు. బెల్టు అక్కడే వేశాడు. కానీ సాంచె కింద రెండు పక్కలా చెక్క మొద్దులు పేర్చాడు, వేలెడు సందు మాత్రమే వదిలి.

గొలుసు లాగారు. సాంచె లేచింది. ఒక్క క్షణం బాగానే ఉంది. తర్వాత మోటారు ఉన్న పక్క ఒక్కసారిగా కిందికి వాలింది, ఈ పక్క పైకి లేచింది. నేను ఆ లేచిన కొస పక్కనే ఉన్నాను.

"శారదా! ఎన్కకు జరుగు!"

గోడకు ఆనుకునేదాకా జరిగాను. సాంచె వాలిన కొస మొద్దుల మీద ధన్‌మని కూర్చుంది. అంతే. వేలెడు ఎత్తు నుంచి పడింది కాబట్టి ఆగిపోయింది. పద్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. గంగారాం కూర్చుని ఫ్రేము మీద అడుగడుగునా వేళ్లతో తడిమి, గోరుతో కొట్టి చప్పుడు విన్నాడు.

"పల్గలే" అన్నాడు. "ఏం గాలే చెల్లె."

తప్పు ఎక్కడ చేశానో అప్పటికే తెలిసిపోయింది. మోటారు, పళ్ల చక్రాలు అన్నీ ఒకే పక్క ఉన్నాయి. పొడవుకు నడుమ వేరు, బరువుకు నడుమ వేరు. ఆర్కిమెడిస్ గురుత్వ కేంద్రం గురించి పుస్తకమే రాశాడు. నేను దాన్ని పిల్లలకు చెప్తాను కూడా. కానీ మా పాఠాల్లో కడ్డీ ఎప్పుడూ ఏకరీతి కడ్డీయే. "ఏకరీతి" అనే మాట మీద నేను ఏనాడూ ఆగలేదు.

"నా తప్పే పద్మా. నేను సరింగ సూడలే" అన్నాను. పద్మ లోపలికి పోయి, నాకు నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నీకు తెల్సు గదా గంగారాం. ఎందుకు చెప్పలే?"

"మీరే కాదు, ఎవ్వలు చెప్పినా కింద మొద్దులు పెడ్త మేడం. లోడ్ కింద ఖాళీ ఉంచొద్దు." మొద్దు ఒకటి సరిచేస్తూ, "అయినా నేను చెప్పాలె. మీరు సదువుకున్నోల్లని ఊకున్న. నాది గుడ్క తప్పే" అన్నాడు.

ఆ తర్వాత అతను చేసింది చూడటానికే అంత దూరం పోయినట్టనిపించింది. బెల్టును మోటారు వైపు జానెడు జరిపాడు. అంగుళం లేపి చూశాడు, దించాడు. నాలుగు వేళ్లు జరిపాడు. మళ్లీ లేపి, దించాడు. సగం నీళ్లున్న నా సీసా తీసుకుని సాంచె మీద పడుకోబెట్టి, నీటి గీతను చూశాడు. ఇంకో రెండు వేళ్లు. అయిదోసారికి సాంచె నాలుగు కాళ్లూ ఒక్కసారే నేలను వదిలాయి. గొలుసు ఒక్కో లంకె చప్పుడు చేస్తూ పోయింది. గడప పైకి ఎత్తి, పైపుల మీదికి దించి, లోపలికి నెట్టేసరికి మూడైంది.

అన్నం అప్పుడే తిన్నాం. పద్మ మక్కజొన్న రవ్వ గట్కా, పచ్చిపులుసు, కోడిగుడ్ల కూర చేసింది. నా సర్వపిండి కూడా అందరికీ తలా ఇంత పెట్టాను. తిన్నాక నూలు కోన్‌ల అట్టపెట్టె ఒకటి కనబడితే, దాంట్లోంచి వంకర త్రిభుజం ఒకటి కోశాను. ఒక్కో మూల నుంచి ఎదుటి భుజం నడిమికి గీత గీశాను. మూడు గీతలూ ఒక్క చోట కలిశాయి. ఆ చోట పెన్ను మొన మీద నిలబెట్టాను. అట్ట కదలకుండా నిలబడింది.

గంగారాం చేతులు కడుక్కుంటున్నవాడల్లా వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంకోపారి పెట్టుండ్రి" అన్నాడు. పెట్టాను. తనే కత్తెర తీసుకుని ఇంకో త్రిభుజం కోశాడు, ఇంకా వంకరది. గీతలు తనే గీశాడు. నిలబడింది.

"గియ్యేనా మధ్యగత రేఖలు?" అన్నాడు. "పదిల గివ్వి అచ్చినయి. ఎందుకో తెల్వక బట్టీ వట్టిన. పరీక్షల మరిశిపోయిన. గిది బరువు నడుమ అని ఎవ్వలూ చెప్పలే మేడం."

"నాకూ ఎవ్వలూ చెప్పలే. నేను గూడ బట్టీ వట్టే రాసిన."

అతను అట్టను తిప్పి తిప్పి చూస్తున్నాడు. ఇదే సమయమని అడిగాను. "మా బడికి అస్తవా?"

"పది ఫెయిలైనోడు క్లాసుల నిలవడొచ్చునా?"

"ఇయ్యాల నేను గింతమంది ముంగట ఫెయిలైన. సోమవారం నన్ను క్లాసుకు పోవద్దంటవా?"

గంగారాం నవ్వాడు. చాలాసేపు నవ్వాడు. "పైపులు, గడ్డపార మీరే చూసుకోవాలె. చైన్ బ్లాక్ నేను తెస్త" అన్నాడు.

నాలుగూ ముప్పావుకు సిరిసిల్ల బస్టాండు. వేములవాడలో కోరుట్ల బస్సుకు ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చింది. పల్లీలు కొనుక్కుని తిన్నాం. సాయంత్రం ఈ దారిన బస్సులు తక్కువ. వచ్చేవాళ్లు అయిదున్నర బస్సు వదులుకోవద్దు. నా చేతులకు గడ్డపార గుర్తులు ఎర్రగా ఉన్నాయి. నొప్పి ఉంది గానీ, చెడ్డ నొప్పి కాదు. గంగారాం కిటికీ దగ్గర కూర్చుని పిల్లలకు మొదట ఏం చూపించాలో వేళ్ల మీద లెక్కపెట్టుకుంటున్నాడు. మధ్యమధ్య నన్ను అడుగుతున్నాడు. ఈసారి నేనూ తెలియనివి తెలియవనే చెప్పాను.

చందుర్తి దాటాక పద్మ ఫోన్ చేసింది. గంగారాం స్పీకర్ పెట్టాడు. "అన్నా, ఫిట్టర్ అచ్చి మోటరు బెల్టు ఎక్కిచ్చిండు. ఇనుండ్రి" అంది. తర్వాత ఆమె గొంతు లేదు. టకటక, టకటక, టకటక. బస్సులో సగం మంది తిరిగి చూశారు. గంగారాం ఫోన్‌ను చెవి దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని విన్నాడు.

"ఒక్కతీర్గ కొడుతున్నది. యాడ గుడ్క వంకర లేదు" అన్నాడు.

నేనూ వినాలని చెయ్యి చాచాను. బయట పొద్దు పోతున్నది. ఎక్కడో పసుపు ఉడికిస్తున్న పొగ పొలాల మీద కిందికే నిలబడి ఉంది. రుద్రంగి వచ్చేదాకా ఫోన్ నా చెవి దగ్గరే ఉంచుకున్నాను.